అర చుట్టు

సుగుణాకర్ గారు రిటైరవుతూ
నాకు అప్పజెప్పినవి మూడు:
మూత పోయిన ఒక స్టీలు టిఫిన్ డబ్బా,
"జాగ్రత్తమ్మా" అనే ఒక మాట,
పందొమ్మిదేళ్ల నల్లా బిల్లుల కోడ్.

ఆఫీసు రెండో అంతస్తులో
ఆరు వారాలు చదివాను దాన్ని,
పరీక్షకు చదివినట్టు గీతలు గీసుకుంటూ.
ప్రింట్లు తీసి గోడకంటించాను.
బాణం గుర్తులు, బాణాల మీంచి బాణాలు.
గోడ నిండింది.
లెక్క2 పోయి లెక్క2_కొత్తదిని పిలుస్తుంది,
కొత్తది పోయి లెక్క2_అసలుదిని పిలుస్తుంది,
అసలుది ఏమీ చెయ్యదు.
యాభై బిల్లులకోసారి
మూడు సెకన్లు ఊరికే కూర్చుని లేస్తుంది.

పందొమ్మిదేళ్లుగా కూర్చుంటోంది, జీతం లేకుండా.

జియాగూడలో మా గల్లీకి
రోజు విడిచి రోజు, తెల్లారగట్ల నాలుగున్నరకి నీళ్లు.
వాల్వు తిప్పే బాలనర్సయ్య
తనంత పొడుగు ఇనప తాళంచెవి భుజానేసుకుని వస్తాడు.
బిందె నిండేలోపు అడిగాను:
భూమిలో ఏ పైపు ఎటు పోతుందో నీకెట్లా తెలుసు?
నక్షా ఉందా?

నవ్వాడు.
"నక్షల ఉన్నది భూమిల లేదు బిడ్డా.
భూమిల ఉన్నది నక్షల లేదు.
అర చుట్టు తిప్పాలె. ఆగాలె.
ఏ గల్లీల ఒర్రుతరో ఇనాలె."

మరి ఎవరూ ఒర్రకపోతే?

తాళంచెవి కింద పెట్టాడు.
"గప్పుడే భయపడాలె.
పైపన్న సచ్చిపోయి ఉంటది,
లేకుంటే నీళ్లు ఏడికో దొంగతనంగ పోతుంటయ్."

పోతూ పోతూ వాల్వు మూత మీద
సుద్దముక్కతో చిన్న గీత గీశాడు.
ఎంత తిప్పాడో అంతే వెనక్కి తిప్పడానికట.

ఆ మంగళవారం ఒక్క లైను తీసేశాను.
ఒక్కటే.
తీసిన టైము చిట్టీ మీద రాసుకున్నాను: తొమ్మిదీ పది.
చాయ్ తెచ్చుకున్నాను, తాగలేదు.

పదకొండుకి చాంద్రాయణగుట్ట కౌంటర్ నుంచి ఫోను, రఫియా గారు:
"మేడం, ప్రింటర్‌కి ఏమైంది?
సయ్యద్ అని కొట్టి ఆగిపోతోంది.
ఏ సయ్యదో చెప్పదు.
ఇక్కడ లైన్లో తొమ్మిది మంది సయ్యద్‌లు నన్నే చూస్తున్నారు!"

లైను తిరిగి పెట్టి, ఆటో ఎక్కి పోయాను.
కౌంటర్ వెనక, గోనెపట్టా కప్పుకుని
ఒక ముసలి ప్రింటర్.
యాభై బిల్లులు టకటకా కొట్టి
ఆగింది.
ఒకటి. రెండు. మూడు.
ఆయాసం తీరాక మళ్లీ అందుకుంది.

అప్పుడు కనబడ్డారు సుగుణాకర్ గారు,
పందొమ్మిదేళ్ల కిందట ఇదే ఉక్కపోతలో
టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని
దాని ఊపిరి లెక్కపెడుతూ.
ఆరు వారాల చదువులో
ఆయన ఒక్కసారీ ఎదురుపడలేదు.

ఆఫీసుకొచ్చి గోడ మీది కాగితాలన్నీ పీకేశాను.

ఆ తర్వాత అర చుట్టు, అర చుట్టు.
జరిమానా తేదీ ఒక్కరోజు జరిపితే
ధూల్‌పేట్‌లో ఒక మూసేసిన మిల్లుకి
ఇంకా బిల్లు పోతోందని తెలిసింది.
పైసలు పైకి సర్దేచోట కిందికి సర్దితే
ఎవరూ అరవలేదు.
నాలుగు రాత్రులు నిద్ర లేదు నాకు.
ఐదోనాడు దొరికింది:
ఇంకెక్కడో ఇంకో చెయ్యి, ఎవరిదో,
నేను సర్దింది మళ్లీ సర్దేస్తోంది.
అది ఎందుకో ఇవాళ్టికీ తెలీదు.
దాని జోలికి పోవాలంటే
ఇంకా ధైర్యం చాల్లేదు.

నిన్న ఆ మూడు సెకన్ల పక్కన
నా సుద్దగీత గీశాను:

"తీసి చూశాను. పెట్టేశాను.
నమ్మకపోతే నువ్వూ తీసి చూడు.
మంగళవారం అయితే మంచిది,
రఫియా గారు కౌంటర్లో ఉంటారు."